పోచంపాడు కట్టమీద ఒక పంచాయితీ

నిజామాబాదు నుంచి పోచంపాడు చూడబోయేవారు తొందరపడకూడదని నా మనవి. ఆనకట్ట ఎక్కడికీ పోదు. దారిలోనే చూడదగినవీ, తినదగినవీ కొన్ని ఉన్నవి. పట్నం దాటి ఆర్మూరు దారి పట్టిన కొంతసేపటికి అంకాపూరు వస్తుంది. రోడ్డు పక్కన నిప్పులమీద మొక్కజొన్న కంకులు కాలుస్తూ ఆడవాళ్ళు కూర్చుని ఉంటారు. ఇక్కడి నాటుకోడి కూర వండించి డబ్బాలలో కట్టించుకొని పోవడానికి దూరదూరాలనుంచి జనం వస్తారు. అక్కడినుంచి ఆర్మూరు. నల్లని బండలను ఎవరో తీరికగా ఒకదానిమీద ఒకటి పేర్చిపెట్టినట్లుండే సిద్ధుల గుట్ట. ఆ చుట్టుపక్కల పసుపు చేలు. ఆర్మూరు దగ్గర నాగపూరు పోయే పెద్ద రహదారి ఎక్కి, బాల్కొండ దాటి, మరికొంత ముందుకు పోయి పక్క బాటలోకి తిరిగితే చల్లని గాలి ముఖానికి తగులుతుంది. గోదావరి దగ్గరపడ్డదని ఎవరూ చెప్పనక్కరలేదు.

సర్కారు కాగితాలలో దీనిపేరు శ్రీరాంసాగరం. జనం నోట మాత్రం ఈనాటికీ పోచంపాడే. 1963 జూలై 26వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూ ఇక్కడ శంకుస్థాపన చేశారు. ఆయన కన్నుమూయడానికి పది నెలల ముందు మాట అది. ఆనాడు వేసిన రాయి మీద లేచిన కట్టకు ఇప్పుడు 42 వరద తలుపులు ఉన్నవి. వెంట వచ్చిన పిల్లలు నలుగురూ లెక్కపెట్టారు. ఒకరికి 41 వచ్చినవి, ఒకరికి 43 వచ్చినవి. నలుగురి లెక్కా ఒకటి కాలేదు. "మీ మామనడుగుండ్రి, పుస్తకంలో రాసి ఉంటది" అన్నాడు మా బావ.

ఈ బావను గురించి రెండు మాటలు చెప్పాలి. మా అక్కయ్యను ఓరుగల్లు వైపు ఇచ్చాం. బావ సేద్యగాడు. కాకతీయ కాలువ చివరి పిల్లకాలువలలో ఒకదానికింద ఆయనకు నాలుగెకరాల పొలం ఉన్నది. ఈ కాలువ పోచంపాడులో పుట్టి 284 కిలోమీటర్లు నడుస్తుంది. దారిలో 146వ కిలోమీటరు దగ్గర, కరీంనగరంలో, దిగువ మానేరు జలాశయంలో కాస్త విశ్రాంతి తీసుకుని మళ్ళీ బయలుదేరుతుంది. ఇంత దూరం నడిచివచ్చే నీటికోసం ముప్పయి ఏళ్ళుగా గట్టుమీద కూర్చుని ఎదురుచూసినవాడు, ఆ నీళ్ళు బయలుదేరే చోటును ఏనాడూ చూడలేదు. దసరా సెలవులకు మా ఇంటికి వచ్చినప్పుడు, "పోచంపాడు చూపియ్యి బామ్మర్దీ" అని నోరు తెరిచి అడిగాడు. ఆయన నన్ను అడిగిన కోరిక అదొక్కటే.

పిల్లలు వరద తలుపుల దగ్గరికి పరుగెత్తితే ఆయన కాలువ తూము దగ్గరికి నడిచాడు. వెడల్పాటి కాలువ. రెండు ఒడ్లనూ ఒరుసుకుంటూ నీళ్ళు గంభీరంగా పోతున్నవి. చాలాసేపు చూశాడు.

"ఈడ ఇంతున్నదా!" అన్నాడు చివరికి. "మాకాడికొచ్చెటాల్లకు బొటనేలంత అయితది."

అందులో నిష్ఠూరం లేదు. ఉన్న సంగతి చెప్పాడు. కాలువ మొదట్లో ఉన్నవానికి నీరు ముందు అందుతుంది. చివర ఉన్నవానికి, మధ్యనున్నవాళ్ళందరూ బుద్ధిమంతులైతే అందుతుంది. అందుకే వారబందీ అని ఒక ఏర్పాటు పెట్టారు. ఇన్ని రోజులు ఈ కాలువకు, ఇన్ని రోజులు ఆ కాలువకు, వంతులవారీగా నీరు వదులుతారు. వంతు దాటి ఎవడైనా రాత్రిపూట తూము ఎత్తితే ఎక్కడో కిందనున్న పొలం నెర్రెలు విచ్చుతుంది. ఎత్తినవాడికి ఆ పొలం కనపడదు. ఆ పొలం వాడికి ఎత్తినవాడు కనపడడు.

ఆ మాటకొస్తే ఈ మహా జలాశయం కూడా వంతుకోసం చూసేదే. ఎగువన మహారాష్ట్రంలో జాయక్‌వాడి ఉన్నది. సరిహద్దుకు సమీపంలో బాభ్లీ ఉన్నది. 2013 ఫిబ్రవరి 28న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం ఏటా జూలై 1 నుంచి అక్టోబరు 28 వరకు బాభ్లీ తలుపులు ఎత్తి ఉంచాలి. ఆ నాలుగు నెలలు కింది వాళ్ళ వంతు. కట్టినప్పుడు పోచంపాడు 112 టి.ఎం.సి.ల నీరు పట్టేది. టి.ఎం.సి. అంటే నూరు కోట్ల ఘనపుటడుగులు. ఏటేటా గోదావరి మోసుకొచ్చిన ఒండ్రు అడుగున పేరుకొని ఇప్పుడు పట్టేది 80 టి.ఎం.సి.ల ప్రాంతమే. నీరు తగ్గినకొద్దీ వంతుకు విలువ పెరుగుతుంది కదా!

కట్టమీద చెట్టునీడ చూసుకుని గిన్నెలు విప్పాం. అక్కడ మొదలయింది పంచాయితీ.

సెలవులు ముగిసేలోగా పిల్లలను హైదరాబాదు తీసుకుపోతామని మాట ఇచ్చి ఉన్నాం. వాళ్ళకు చార్మినారు అక్కరలేదు, సాలార్‌జంగు మ్యూజియం అక్కరలేదు. రావిర్యాల దగ్గర వండర్‌లా అని ఒక వినోదాల తోట ఉన్నది. ఆ సంస్థవారు 2000 సంవత్సరంలో కొచ్చిలోను, 2005లో బెంగుళూరులోను ఇటువంటి తోటలు పెట్టి, 2016లో మన హైదరాబాదుకు వచ్చారు. ఆకాశంలోకి ఎగరవేసే యంత్రాలు, తలకిందులుగా తిప్పే రైళ్ళు, నీటి జారుడుబండలు, అలలు లేచే కొలనులు. పొద్దస్తమానం తిరిగినా తరగవు. ఒకసారి టిక్కెట్టు కొని లోపలికి పోతే ఆటలు దాదాపు అన్నీ ఆడుకోవచ్చు. అయితే ప్రతి ఆట ముందూ ఒక వరుస ఉంటుంది. సెలవురోజుల్లో ఆ వరుస చాంతాడంత ఉంటుంది.

పదో తరగతి చదువుతున్న మా అమ్మాయి ఫోను తీసి చూపించింది. "నాన్నా, ఇందులో ఇంకో రకం టిక్కెట్టు ఉన్నది. ఫాస్ట్‌ట్రాక్ అంటారు. ధర బాగా ఎక్కువే. అది కొంటే వేరే లైను. పెద్ద లైనులో నిలబడక్కరలేదు. మనం ఒక్కరోజే కదా పోయేది. బావ వాళ్ళు మళ్ళీ ఎప్పుడు వస్తారో!"

బావ అంటే మా అక్కయ్య కొడుకు, ఇంటరు చదువుతున్నాడు. వాడు మాట్లాడలేదు. వాడి చెల్లెలు మాత్రం, "నిజమేనా మామా? లైను లేకుండనే ఎక్కనిస్తరా?" అని కళ్ళు పెద్దవి చేసింది.

"అంటే పైసలు ఎక్కువిస్తే మధ్యల దూరనిస్తరన్నట్టు" అన్నాడు బావ.

"దూరడం కాదు మామయ్యా, వాళ్ళే వేరే దారి పెట్టారు" అన్నది మా అమ్మాయి.

"దారి ఏరే. కుర్చీలు అవ్వే గద బిడ్డా?"

నాకు తెలిసిన ఆర్థికశాస్త్రమంతా ఈ ఒక్క ప్రశ్నలో ఇమిడిపోయింది. కాగితం తీసి పిల్లలకు లెక్క వేసి చూపించాను. ఒక ఆట గంటకు ఆరు వందలమందిని తిప్పగలదనుకుందాం. నీ ముందు మూడు వందలమంది ఉన్నారు. అరగంటలో నీ వంతు వస్తుంది. ఇప్పుడు సగం కుర్చీలు ఎక్కువ ధర ఇచ్చినవారికి కేటాయించారనుకుందాం. పెద్ద వరుసకు గంటకు మూడువందల కుర్చీలే మిగులుతవి. నీ అరగంట గంట అయింది. ఆ రెండో అరగంట యంత్రం మింగలేదు, గాలిలో కలవలేదు. పక్క దారిలో పోయినవారికి పోయింది. చీటీ కొన్నంతమాత్రాన కాలం పుట్టదు. ఒకరి చేతినుంచి ఒకరి చేతికి మారుతుంది, అంతే. అందరూ ఆ చీటీయే కొంటే పక్క దారే పెద్ద వరుస అవుతుంది. అందువల్లనే దాని ధర ఎక్కువగా ఉంచక తప్పదు. జనం లేని రోజున కొంటే, లేని వరుసను తప్పించుకోవడానికి డబ్బు ఇచ్చినట్లవుతుంది.

ఇదేమీ మన దేశంలో పుట్టిన ఏర్పాటు కాదు. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రంలో ఉన్న డిస్నీవారి తోటలో 1999లో ఫాస్ట్‌పాస్ అని ఒక చీటీ మొదలుపెట్టారు. దానికి వేరే వెల లేదు. ఆట దగ్గరున్న యంత్రంలో నీ ప్రవేశపు టిక్కెట్టు పెడితే, ఫలానా గంటకు రమ్మని ఒక కాగితం ఇచ్చేది. అంతదాకా నువ్వు తిరగవచ్చు, తినవచ్చు. నీ బదులు ఆ కాగితం వరుసలో నిలబడి ఉంటుంది. పేదా గొప్పా లేకుండా అందరికీ ఒకటే పద్ధతి. అది 2021లో పోయింది. దాని స్థానంలో డబ్బు ఇచ్చి కొనుక్కునే చీటీ వచ్చింది. మొదటిది వారబందీ వంటిది. రెండవది తూము కొనుక్కోవడం వంటిది. రెండింటినీ చూసేవాడికి పక్కదారి ఒకటే కనపడుతుంది గాని, వెనుకనున్న ధర్మం వేరు.

"దేవుని దగ్గరనే ఉన్నది, ఆటకాడ ఉంటే తప్పేంది?" అన్నది అక్కయ్య. ఆవిడ మాట కొట్టివేయదగినది కాదు. శీఘ్ర దర్శనం అనే మాటను మనకు ఏ విదేశీయుడూ నేర్పలేదు. తిరుమలలో 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం ఉన్నది. శ్రీవాణి ట్రస్టుకు 10,000 రూపాయలు విరాళమిచ్చిన భక్తులకు వేరే దర్శనం 2019 నుంచి ఉన్నది. ఆ డబ్బు గుళ్ళు కట్టడానికి పోతుందంటారు. ఉచిత దర్శనానికి వచ్చినవారు వైకుంఠం సముదాయంలోని గదులలో గంటల తరబడి కూర్చుంటారు. వారికి పాలు, అన్నప్రసాదం పంచిపెడతారు. గోవింద నామం చేస్తూ కూర్చున్న ఆ కాలం కూడా యాత్రలో భాగమే అనుకునేవారు ఉన్నారు. చంటిబిడ్డను ఎత్తుకుని నిలబడలేక ప్రత్యేక చీటీ కొన్నవారూ ఉన్నారు. ఎవరి భక్తి ఎక్కువో చెప్పడానికి నేనెవరిని? ఇక్కడికి ఎగువన, ఇదే గోదావరి ఒడ్డున, బాసరలో వసంతపంచమినాడు పలకా బలపం పట్టుకున్న పసివాళ్ళతో తల్లిదండ్రులు నిలబడే వరుస చూసినవారికి ఈ ప్రశ్న ఎంత చిక్కైనదో తెలుస్తుంది.

అక్కయ్య అక్కడితో ఆగలేదు. "నిలబడుడు ఉత్తదే అనుకోకు తమ్మీ. నాయిన బండి యాదికున్నదా?" అన్నది.

ఎందుకు లేదు? మాది బోధను దగ్గర పల్లె. మా చిన్ననాడు ఈ ప్రాంతానికంతా గడియారం బోధను శక్కర్‌నగర్‌లోని నిజాం చక్కెర కర్మాగారం. 1937లో నెలకొల్పిన ఆ కర్మాగారానికి నీరు మంజీరమీది నిజాంసాగరం పుణ్యం. చెరకు కాలం వచ్చిందంటే కాంటా ముందు ఎడ్లబండ్లు బారులు తీరేవి. ఎవరి చెరకు ఎప్పుడు కొట్టాలో చీటీ వచ్చేది. చీటీ వచ్చినవాడు కొట్టి, కట్టలు కట్టి, బండెత్తి, వరుసలో నిలిపేవాడు. ఎడ్లను విప్పి మేత వేసి, బండి కిందనే గొంగడి పరుచుకుని పడుకునేవారు. కొట్టిన చెరకు ఎండలో నిలిచినకొద్దీ ఆరిపోతుంది. తూకం తగ్గుతుంది, తీపి తగ్గుతుంది. అంటే నిలబడ్డ ప్రతి గంటా రైతు జేబునుంచి పోయేదే. 2015 డిసెంబరులో ఆ కర్మాగారంలో గానుగ ఆగిపోయింది. నిలబడటానికి ఆ వరుస కూడా లేకపోయింది.

"నాయిన రాత్రంత నిలవడి పొద్దుగాల వస్తుండె. కాళ్ళు ఉబ్బుతుండె. అప్పుడు పైసలు లేవు, నిలవడ్డడు. పైసలుంటే ఎవరన్న నిలవడ్తరా?" అన్నది అక్కయ్య. "పిల్లలను ఎందుకు నిలవెట్టాలె?"

ఆవిడ మాటకు బావ దగ్గర కూడా జవాబు లేదు. వరుసలో నిలబడటం ఏదో గొప్ప గుణమని చెప్పేవాళ్ళు సాధారణంగా ఎక్కువసేపు నిలబడనివాళ్ళే.

బోధను పేరు వచ్చింది గనుక నాకు మరొక కథ గుర్తుకు వచ్చింది. తెలుగు పాఠం చెప్పుకునేవాడికి భారతం గుర్తుకు రాకుండా ఉండదు. మన బోధనే ఆనాటి ఏకచక్రపురమని ఇక్కడివారి నమ్మకం. బకాసురుడికి ఆ ఊరు రోజుకొక ఇంటి వంతున బండెడు అన్నమూ, దున్నపోతులనూ, ఒక మనిషినీ పంపాలి. పాండవులు తలదాచుకున్న బ్రాహ్మణుడి ఇంటికి వంతు వచ్చింది. ఇంటిల్లిపాదీ ఏడుస్తున్నారు. భీముడు పోయి వాణ్ణి చంపిన సంగతి అందరికీ తెలుసు. అయితే వ్యాసభారతంలో ఆ బ్రాహ్మణుడు కుంతితో చెప్పుకున్న మాట ఒకటి ఉన్నది. తనకు బదులు పంపడానికి మరొక మనిషిని కొందామంటే తనవద్ద ధనం లేదని వాపోతాడు. అంటే డబ్బున్నవాడు ఆ ఊళ్ళో వంతు తప్పించుకోవచ్చునన్నమాట!

"అయితే మామా, బకాసురుని కాడ గుడ ఫాస్ట్‌ట్రాక్ ఉండెనా?" అన్నాడు మేనల్లుడు. అంతసేపటికి వాడు నోరు విప్పడం అదే మొదలు.

"ఉండె. కాని అది వెనక్కు పోయే ఫాస్ట్‌ట్రాక్" అన్నాను. అందరూ నవ్వారు. బావ కూడా నవ్వాడు.

నవ్వు సద్దుమణిగాక అసలు విషయం బయటపడింది. అది లెక్కల విషయమూ కాదు, ధర్మశాస్త్రమూ కాదు. పిల్లలు దూరంగా పోయినప్పుడు నా భార్య మెల్లిగా, "అందరికీ మనమే కొందామండీ, ఏడాదికొకసారి" అన్నది. అక్కయ్య వినలేదు గాని బావ విన్నాడు.

"నీ పిల్లలకు కొను బామ్మర్దీ. మావోల్లు లైన్ల నిలవడ్తరు. వాళ్ళకు అలవాటే" అన్నాడు.

ఆ మాట తేలికగానే అన్నాడు గాని నాకు సూటిగా తగిలింది. నాకు నెలనెలా జీతం వస్తుంది. ఆయనకు నీరు వస్తే పంట, పంట వస్తే డబ్బు. ఇద్దరం ఒక కంచం దగ్గర కూర్చుని తినేవాళ్ళమే. నేను ఎనిమిదిమందికీ కొంటే ఆయన తల దించుకోవాలి. నా నలుగురికే కొంటే ఒక ఇంటి పిల్లలు రెండు వరుసల్లో నిలబడాలి. ఇద్దరు ముందు పోతూ ఉంటే ఇద్దరు కమ్మీ పట్టుకుని చూస్తూ ఉండాలి. వినోదంకోసం పోయి ఇటువంటిది కొనుక్కొని రావడమా? వెలపట్టికలో రాయని ఖరీదు ఇది.

ఈ చిక్కుముడి మా అమ్మాయే విప్పింది. సంగతి ఎంతవరకు విన్నదో తెలియదు. వచ్చి కూర్చుని, "బావ లేకుండా నేనొక్కదాన్నే ఆ రైలెక్కి ఏం చేసుకోను? వద్దులే నాన్నా. పొద్దున్నే పోదాం, తలుపులు తీసే వేళకు. మంగళవారం పోదాం, ఆదివారం వద్దు" అన్నది. పంచాయితీ ముగిసింది. తీర్పు చెప్పినది పదిహేనేళ్ళ పిల్ల.

మంగళవారం తెల్లవారకముందే నిజామాబాదులో బయలుదేరాం. తలుపులు తీసే వేళకు రావిర్యాలలో ఉన్నాం. ఆ తరువాత జరిగినది, పోబోయేవారికి పనికివస్తుందని, ఉన్నది ఉన్నట్లు రాస్తున్నాను.

మొదటి గంట, గంటన్నర బంగారం. లోపలికి వచ్చిన జనమంతా ద్వారం దగ్గరి ఆటల దగ్గరే ఆగిపోతారు. మేము నేరుగా అన్నిటికన్నా పేరున్న పెద్ద ఆటల దగ్గరికి నడిచాం. ఆ వేళకు అక్కడ వరుస అంటూ లేదు. మూడు పెద్ద ఆటలు అట్లా అయిపోయినవి. ఆ సమయంలో ప్రత్యేక చీటీ ఉన్నా మాకు ఒరిగేది ఏమీ లేదు. రెండవది, కొన్ని ఆటల ముందు ఎత్తు కొలిచే గుర్తు ఉంటుంది. అంత ఎత్తు లేని పిల్లలను ఎక్కనివ్వరు. అది వారి క్షేమంకోసమే. ఆరో తరగతి చదివే మా అబ్బాయి రెండుచోట్ల ఆ గుర్తుకు వేలెడు కింద ఉండిపోయాడు. వాడికి ఎంత ఖరీదైన చీటీ కొన్నా ఆ వేలెడు పెరగదు. నేనూ, బావా, ఆడవాళ్ళూ ఎక్కినవి రెండో మూడో. మాకు ఆ చీటీ శుద్ధ దండగ. మూడవది, అలల కొలనులో ఎంతమంది అయినా ఒకేసారి దిగవచ్చు. యంత్రాల దగ్గర జనం మూగిన మధ్యాహ్నమంతా పిల్లలు నీళ్ళలోనే ఉన్నారు.

ఇక లోటు కూడా చెప్పాలి. సాయంకాలం పిల్లలు మళ్ళీ ఎక్కుతామన్న ఒక ఆట దగ్గర దాదాపు గంటసేపు నిలబడ్డారు. రెండు ఆటలు చూడనే లేదు. ప్రత్యేక చీటీ ఉంటే అవి కూడా అయ్యేవి. ఆ గంటలో వాళ్ళు నలుగురూ అంత్యాక్షరి ఆడారు, గిల్లికజ్జాలు పెట్టుకున్నారు, అలిసిపోయి ఒకరిమీద ఒకరు వాలిపోయారు. పక్క దారిలో పోయేవాళ్ళను చూసి మేనకోడలు ఒకసారి నిట్టూర్చింది కూడా. ఆ నిట్టూర్పును నేను దాచను.

కమ్మీ ఇవతల బావా నేనూ నిలబడి చూస్తున్నాం. పక్క దారిలోకి పోబోతూ, జారిపోయిన చెప్పు సవరించుకోవడానికి ఒకాయన ఆగాడు. చంకలో నిద్రకు తూగుతున్న పిల్లవాడు, చెయ్యి పట్టుకుని మరొక పిల్ల. బావకు పలకరించకుండా ఉండటం చేతకాదు. "ఏ ఊరు సార్?" అన్నాడు. విశాఖపట్నం అట. రాత్రి బండిలో వచ్చారు, ఈ రాత్రి బండికే తిరుగు ప్రయాణం. మళ్ళీ సెలవు ఎప్పుడు దొరుకుతుందో తెలియదన్నాడు. ఆయన లోపలికి పోయాక బావ కొంచెంసేపు ఆలోచించాడు.

"ఆయన కొనుడు న్యాయమే బామ్మర్దీ" అన్నాడు.

కాలువ చివరి రైతు ఇచ్చిన ఆ తీర్పుతో నేను ఏకీభవిస్తున్నాను. ఆట ఆటే. ధర బయట రాసిపెట్టి అమ్ముతున్నారు. వెనుకనున్నవాడికి ఒక అరగంట పోతుంది గాని పంట ఎండదు. దూరాన్నుంచి వచ్చి, ఒక్కరోజే ఉండి, సెలవురోజు తప్ప మరొకరోజు దొరకనివాడు, ఎక్కగలిగిన ఎత్తూ వయసూ ఉన్న పిల్లలకు ఆ చీటీ కొంటే అందులో నేరం ఏమీ లేదు. దగ్గరలో ఉన్నవాడు, మామూలు రోజున పోగలిగినవాడు, పొద్దున్నే లేవగలిగినవాడు కొనడం మాత్రం అనవసరం. అందరికీ కొనలేనప్పుడు కొందరికే కొనడం అన్నిటికన్నా చెడ్డ బేరం. వచ్చిన గుంపు ఒక వరుసలో నిలబడాలి. ఏ వరుస అయినా సరే.

అయితే ఈ న్యాయాన్ని ఆటస్థలం గేటు దాటించి బయటికి తేకూడదు. నీటి దగ్గర, రేషను దుకాణం దగ్గర, వైద్యుడి గది ముందు వంతు అమ్మకానికి వస్తే వెనుకనున్నవాడికి పోయేది అరగంట కాదు. ఆ తేడా తెలియాలంటే పిల్లలకు ఒక్కసారైనా పోచంపాడు కాలువ మొదలూ, చివరా రెండూ చూపించాలి. మా పిల్లలు మొదలు చూశారు. ఎండాకాలం సెలవుల్లో చివర చూడటానికి రమ్మని బావ పిలిచి వెళ్ళాడు.

సంక్రాంతి ముందు యాసంగి పంటకు నీళ్ళు వదిలారు. బావ దగ్గరనుంచి ఫోను వచ్చింది. కాలువలోకి నీళ్ళు దిగినవట.

"మీ పొలానికి అందినయా బావా?" అని అడిగాను.

"మా వంతు ఐతారం" అన్నాడు. "పైనోల్లు మంచోల్లయితే ఐతారమే వస్తది."

సోమవారం పొద్దున నేనే ఫోను చేశాను. అక్కయ్య ఎత్తింది. ఆయన పొలం దగ్గర మడవ కట్టుకుంటున్నాడట.